ఐరేండ్ల బండి, రెండు గాడిదలు

1959వ సంవత్సరం ఫిబ్రవరి పదకొండో తేదీ, బుధవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు మా వాకిట్లో ఒక గాడిద మెడకు గుర్రం పట్టెడ పడింది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, మా మామ జేబులో ఒక గడియారం ఉండేది, ఘడియ ఘడియకూ దాన్ని చూసి చెప్పే పని నాకు అప్పగించాడు. (ఆ గడియారం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోయేది. ఆ నాలుగూ తీసేసే చెబుతున్నాను.) ఆ రోజుల్లో మా వైపు గాడిద అంటే వీపు. చాకలి వాళ్ల మూటలు, వడ్డెర వాళ్ల రాళ్లు, మా కుమ్మరి వాళ్ల మన్నూ కుండలూ అన్నీ ఆ వీపు మీదే. దానికి మెడ ఉందనీ, రొమ్ము ఉందనీ, వాటితో అది బండి లాగగలదనీ మాలో ఎవరికీ తోచలేదు. గాడిదకైతే అసలే తోచలేదు. కాబట్టి ఆ పట్టెడ మెడలో నుంచి జారి మోకాళ్ల దగ్గర ఆగినప్పుడు మేం ఎంత బిత్తరపోయామో, తలొంచి దాన్ని చూసుకున్న గాడిద కూడా అంతే బిత్తరపోయింది.

మాది దేవరకొండకు ఆరు మైళ్ల దూరంలో ఒక మెట్ట ఊరు. ఇంట్లో బాపు, బాపును కన్న అవ్వ, నేను. అమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. నాకు అప్పటికి పన్నెండేళ్ల అయిదు నెలలు. ఊరి బడి నాలుగో తరగతితో ఆగిపోయేది, నేను అది ముగించి రెండేళ్లు కావస్తోంది. ఆ రెండేళ్లూ నా పని గాడిదల వెంట నడవడం. మాకున్నవి రెండు ఆడ గాడిదలు. ఎప్పుడు చూసినా ఒకటి ముందు, ఒకటి దాని తోక పట్టుకున్నట్టు వెనుక నడిచేవి, అందుకే వాటి పేర్లు ముందరిది, ఎనుకది. రోజూ చెరువుకు పోయి మన్ను తేవాలి. శనివారం దేవరకొండ అంగడికి కుండలు మోయాలి. ముందరిదాని తాడు బాపు పట్టుకుంటే, ఎనుకది దారిలో ఎక్కడా చేలో పడకుండా చూసేది నేను. పోను ఆరు మైళ్లు, రాను ఆరు మైళ్లు. దేవరకొండలో మా మేనత్త ఇంటి పక్కనే ఏడో తరగతి దాకా బడి ఉండేది. అంగడి నుంచి తిరిగొస్తూ ఆ బడి ముందు నేను ఎన్నిసార్లు ఆగేదాన్నో, బాపు "నడువు బిడ్డా" అని అన్నిసార్లు అనేవాడు.

అమ్మ పుట్టింటికి క్షేమంగా చేరిందని చెప్పడానికి వచ్చినవాడు ఆమె తమ్ముడు, మా జట్కా మామ. పట్నంలో పన్నెండేళ్లు జట్కా తోలాడు. గుర్రం పోయాక ఒక గోనె సంచిలో రెండు పట్టెడలు, కళ్లెం తోళ్లు, కొరడా వేసుకుని ఊరికి వచ్చేశాడు. వచ్చిన సాయంత్రమే మా గాడిదలను నాలుగు వైపుల నుంచీ చూసి పెదవి విరిచాడు.

"బావా, రెండు గాడిదలు, ఇద్దరు మనుషులు. మొయ్యంగ మొయ్యంగ ఎన్ని కుండలు?"

"ముప్పై రెండు," అన్నాను నేను, బాపు నోరు తెరవక ముందే.

"బండైతే ఎనబై. తోలెటోడు ఒక్కడు సాలు. గీ పిల్లతోటి పనే లేదు."

ఆ మాట నా చెవిలో ఎట్లా పడిందో నాకే తెలుసు. నేను వెంటనే బాపు ముందు నిలబడి అడిగేశాను, నాతో పని లేకుంటే నన్ను బడికి పంపుతావా అని. బాపు చాలాసేపు మన్ను పిసుకుతూనే ఉన్నాడు. చివరికి, "బండి నడిస్తె బడికి తోలుత. నడువకుంటె మళ్ల ఆ ముచ్చట తియ్యొద్దు," అన్నాడు. బాపు మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. అందుకని ఆ తొమ్మిది రోజులూ ఆ రెండు గాడిదల మొహాలు చూసినంత శ్రద్ధగా నేను తర్వాత ఏ పరీక్ష పేపరూ చూడలేదు.

మామ నేర్పే పద్ధతి పట్నం పద్ధతి. మొదటి రోజు పట్టెడ వేసి ఊరికే నిలబెట్టడం (మూడు గంటల పది నిమిషాలు). రెండో రోజు పట్టెడలను గోనెగుడ్డతో కుట్టి చిన్నవి చేయడం. మూడో రోజు నుంచి పట్టెడకు తాళ్లు కట్టి ఒక తుమ్మ మొద్దును లాగించడం. గుర్రంతో మాట్లాడినట్టే వాటితో ఉర్దూలో మాట్లాడేవాడు. "చలో బేటీ, చలో!" అంటుంటే అవ్వ గడపలో కూర్చుని, "దానికి తెలుగే సరిగ రాదు కొడుకా," అనేది. మొద్దు లాగమంటే ముందరిది మొదట ఆ మొద్దు తనను తరుముతోందనుకుని ఊరంతా పరుగెత్తింది. అయిదో రోజుకు మొద్దు తన వెంట వస్తుందే కానీ కరవదని నమ్మకం కుదిరింది. ఎనుకదానికి ఆ మాత్రం ఆలోచన కూడా లేదు. ముందరిది పోతే తానూ పోయేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పుడు మాలో ఎవరికీ అది సంగతిగా తోచలేదు. నేర్పడం పేరు చెప్పి మన్ను పని ఆపడం బాపుకు ఇష్టం లేదు. "మొద్దు గుంజుడు గుంజుడే, మన్ను మోసుడు మోసుడే," అన్నాడు. కాబట్టి గాడిదలు చెరువులో మన్ను నింపిన కంట్లాలు, అంటే వీపుకు రెండు పక్కలా వేలాడే గోనె సంచులు, మోస్తూనే ఆ మొద్దును లాగుతూ ఇంటికి వచ్చేవి. మామ చెప్పి చేయించిన బండిని ఊరి వడ్రంగి, మా వడ్ల ఆయన, తయారుచేసి ఇచ్చింది పందొమ్మిదో తేదీ గురువారం మధ్యాహ్నం. చెరువు నుంచి మన్నుతో వస్తున్న గాడిదలను వచ్చినవి వచ్చినట్టే దానికి కట్టి ఊరి చుట్టూ రెండుసార్లు తిప్పారు. పెళ్లికూతుళ్లలా నడిచాయి. మామ మీసం మెలేశాడు. బాపు నా తల మీద చెయ్యి పెట్టి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం నేను పాత పలక కడిగి ఎండబెట్టుకున్నాను.

మర్నాడు శుక్రవారం, ఇరవయ్యో తేదీ, మూడు మైళ్ల అవతల ఊళ్లో పటేలింట్లో పెండ్లి. పెండ్లికి ఐరేండ్లు మా ఇంటి నుంచే పోవాలి. ఐరేండ్లంటే సున్నంతో, జాజు ఎర్రమన్నుతో బొమ్మలు వేసిన కొత్త కుండలు, వాటిని దేవుడి ముందు పెట్టనిదే మా వైపు పెండ్లి మొదలు కాదు. ఆ ఇంటి లెక్క పదకొండు: పెద్దవి రెండు, నడిమివి నాలుగు, చిన్నవి అయిదు. మా ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని పొలిమేర దాకా తీసుకుపోతే, పెండ్లివారు మేళంతో ఎదురొచ్చి అందుకోవడం ఆనవాయితీ. అందులో ఒక్కటి పగిలినా ఆ ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కరు, అంత పట్టింపు. ఆ సారి అమ్మ లేదు, అవ్వకు మోకాళ్లు లేవు, నాకు ఒకటే నెత్తి ఉంది. "బండి మీద తోలుదాం, మొదటి తిప్పనే శుభం," అన్నాడు మామ.

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఐరేండ్లు గాడిద మీదనా! నోరు ఎట్ల వచ్చిందిరా నీకు?"

"గాడిద మీద కాదత్తా, బండి మీద. గాడిద ముంగట ఉంటది. ఐరేండ్లు ఎనుక ఉంటయి. దానికీ దీనికీ నాలుగడుగుల జాగా."

అవ్వ ఆ నాలుగడుగులూ స్వయంగా కొలిపించి, అప్పుడు ఒప్పుకుంది. ఒప్పుకుని తన వంతు భక్తి కూడా చేసింది. గాడిదలను కడిగించింది, నుదుట పసుపు పెట్టించింది, "ఐరేండ్ల బండికి మన్ను సంచులేంది, తియ్యుండ్రి," అని కంట్లాలు రెండూ తీయించి గోడకు వేలాడదీయించింది. గాడిదలు నిగనిగలాడే ఖాళీ వీపులతో నిలబడ్డాయి. చూడముచ్చటగా ఉన్నాయని నేనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట నోట్లో నుంచి వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ఏడున్నరకు బయలుదేరాం. వరిగడ్డి పరిచి, పదకొండు కుండలూ పేర్చి, మీద పెండ్లివారు పంపిన తెల్లబట్ట కప్పాం. మామ ముందు కూర్చుని పగ్గాలు పట్టాడు, బాపు పక్కన నడిచాడు, నేను వెనుక నుంచి కుండలను చూస్తూ నడిచాను. ఒక మైలు దాకా బండి ఎంత బాగా నడిచిందంటే, నేను మనసులో అయిదో తరగతి, ఆరో తరగతి దాటి ఏడో తరగతిలోకి వచ్చేశాను. ఎనిమిదీ అయిదు నిమిషాలకు చెరువు పక్కన మా మన్ను గుంత దగ్గర గాడిదలు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి.

మామ "చలో" అన్నాడు. లేదు. కొరడా గాలిలో ఆడించాడు. లేదు. బాపు తాడు పట్టి లాగాడు. ముందరిది మెడ సాచి ఇచ్చింది కానీ కాలు కదపలేదు. రెండూ మా వైపు ఓపికగా, కొంచెం ఆశ్చర్యంగా చూస్తున్నాయి. పావుగంట అయ్యాక బాపు తల కొట్టుకున్నాడు. "ఓరి బామ్మర్దీ! ఇవి మన్ను కోసం వచ్చినయనుకుంటున్నయిరా. మన్ను నింపుతరని నిలవడ్డయి." నిజమే. ఖాళీ వీపుతో గుంత దగ్గరికి రావడం, నిండు వీపుతో కదలడం, పుట్టినప్పటి నుంచి వాటికి తెలిసింది అదే. వీపు ఖాళీగా ఉందంటే పని ఇంకా మొదలు కాలేదు, లేదా అయిపోయింది. మేం తొమ్మిది రోజులు నేర్పింది బండి లాగడం కాదు, మన్ను మోస్తున్నప్పుడు వెనుక ఏదో వస్తుంటే ఊరుకోవడం!

చుట్టూ కావలసినంత మన్ను ఉంది. నింపడానికి సంచి లేదు. సంచులు రెండూ మా గోడకు వేలాడుతున్నాయి. మామ తన ఎర్ర రుమాలు తలపాగా విప్పి అందులో మన్ను మూటగట్టి ముందరిదాని వీపున పెట్టాడు. మహా అయితే ఆరు శేర్లుంటుంది. అది తల తిప్పి ఆ మూటను చూసిన చూపు మామ జన్మలో మరిచిపోలేదు.

అంతలో ఎనుకదానికి ఓపిక అయిపోయింది. పని లేదని తీర్మానించుకుంది. పని అయిపోయాక గాడిద చేసేది ఒకటే, దుమ్ములో పడి పొర్లడం. అది ముందుకాళ్లు రెండూ మడిచింది. కాడి ఒక పక్కకు ఒరిగింది. బండిలో కుండలు ఒకదాన్నొకటి తాకి 'టక్కు'మన్న చప్పుడు నా ప్రాణంలో వినబడింది. నేను అరిచానో లేదో, బాపు నన్ను నడుము పట్టి ఎత్తి దాని వీపు మీద కూలేశాడు.

ఎనుకది వెంటనే లేచి నిలబడింది, చెవులు సర్దుకుంది, నడవడానికి సిద్ధంగా ముందరిదాని తోక వైపు చూసింది.

చేసిన పనికి బాపే నిర్ఘాంతపోయి తన చేతులు చూసుకుంటున్నాడు. మా వైపు మనిషిని గాడిద ఎక్కించడమంటే సరదా కాదు. పంచాయతీలో తప్పు రుజువైనవాణ్ని ఊరు తిప్పే పద్ధతి అది. నేనేమో ఏ తప్పూ చేయకుండా, తలకు నూనె రాసుకుని, పూలు పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. దిగుతానని ఏడుపు మొదలుపెట్టాను. "దిగితె ఐరేండ్లు పోతయి బిడ్డా," అన్నాడు బాపు, "ఐరేండ్లు పోతె..." మిగతాది నాకు చెప్పనక్కర్లేదు. నేను ఏడుపు ఆపి, గాడిద మెడ మీది వెంట్రుకలు పట్టుకున్నాను.

ఇంక ముందరిది మిగిలింది. బాపు మామ వైపు చూశాడు.

"నేనా? బావా, పన్నెండేండ్లు గుర్రాలు తోలినోన్ని!"

"గందుకే అంటున్న. గంత పెద్ద గుర్రాలు తోలినోనికి గాడిద ఒక లెక్కనా? ఎక్కు."

"పట్నంల ఎవరన్న చూస్తె..."

"పట్నం డెబ్బై మైళ్లుంది. ముహూర్తానికి గంటంబావే ఉంది. ఎక్కరాదూ!"

మామ ఎక్కాడు. కాళ్లు పొడుగు కాబట్టి రెండూ నేలకు రాసుకునేవి. చేతిలో కొరడా మాత్రం వదల్లేదు. బాపు తాళ్లు పట్టి ముందు నడిచాడు. చెప్పొద్దూ, బండి అద్భుతంగా కదిలింది. గతుకుల్లో కూడా కుండ చప్పుడు లేదు. పొలిమేరకు ఫర్లాంగు ముందున్న మోటబావి దగ్గర ఇద్దరమూ దిగిపోవాలనీ, అక్కడి నుంచి ఐరేండ్లను మా ముగ్గురి చేతులతో మూడు నాలుగు విడతలుగా మోసుకుపోవాలనీ ఒప్పందం. చూసినవాళ్లు లేకుంటే జరగనట్టే కదా అనుకున్నాం.

కానీ పెండ్లివారికి మా మీద గౌరవం ఎక్కువైంది. పొద్దెక్కుతోందని, కుమ్మరాయన ఒక్కడే మోసుకొస్తున్నాడేమోనని, పొలిమేర దాటి ఫర్లాంగు ముందుకే ఎదురొచ్చారు. మోటబావి మలుపు తిరిగేసరికి ఎదురుగా డప్పులు, సన్నాయి, పళ్లెంలో హారతి పట్టుకున్న ఆడవాళ్లు, వాళ్ల వెనుక సగం ఊరు. వాళ్లకు ఎదురుగా, నుదుట పసుపుతో రెండు గాడిదలు, ఒకదాని మీద కొరడా పట్టిన పెద్దమనిషి, ఇంకొకదాని మీద పూలు పెట్టుకున్న ఆడపిల్ల. సన్నాయి ఆయన బుగ్గల్లో గాలి బుగ్గల్లోనే ఉండిపోయింది. హారతి పళ్లెం పట్టినామె నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను, అవి మూతపడలేదు.

ముందుగా తేరుకున్నది పెండ్లికొడుకు నాయనమ్మ, ముసలి పటేలమ్మ. "ఏందయ్యా కుమ్మరాయనా ఇది? ఐరేండ్లు తెమ్మంటె ఊరేగింపు తెచ్చినవ్? ఏం తప్పు చేసిండ్రు వీళ్లు?"

"తప్పేం లేదు పటేలమ్మా... బరువుకు... గాడిదలకు బరువు లేకుంటె..." బాపు తడబడ్డాడు.

"గీ పొడుగాయనేనా పెండ్లికొడుకు?" అని వెనుక నుంచి ఒకామె. "మరి పిల్ల చిన్నగున్నది గదనే!" అని ఇంకొకామె. అంతే, సగం ఊరు ఒక్కసారి నవ్వింది. పటేలమ్మ నవ్వలేదు. "నవ్వులు తర్వాత. ఐరేండ్లు పగిలినయా, ఉన్నయా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ రోడ్డు మీద సరిగ్గా తెలిసింది నాకొక్కదానికే. మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి లెక్కపెడుతూనే వచ్చాను. గాడిద మీది నుంచే, నడుము నిటారుగా పెట్టి, బడిలో అప్పజెప్పినట్టు చెప్పాను: "పదకొండు. పెద్దవి రెండు, నడిమివి నాలుగు, చిన్నవి ఐదు. పెచ్చు గూడ ఊడలే."

పటేలమ్మ బట్ట ఎత్తి తానే లెక్కపెట్టింది. పదకొండు. "ఊఁ," అంది. ఆడవాళ్లు ఒక్కొక్కటే నెత్తికెత్తుకున్నారు. చివరి చిన్న కుండ బండి దాటగానే బాపు పెద్దగా ఊపిరి వదిలి, చేతిలో తాళ్లు వదిలి, చెమట తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేళం వాళ్లకు తమ పని గుర్తొచ్చి నాలుగు డప్పులూ ఒక్కసారి మోగాయి, గాడిదలు బండితో సహా గిర్రున వెనక్కి తిరిగాయి.

ఆ తర్వాత జరిగింది నాకు వరుసగా గుర్తులేదు, కొలతలు మాత్రమే గుర్తున్నాయి. బరువు వీపున ఉంది, చప్పుడు వెనుక ఉంది, ఇల్లు మూడు మైళ్లలో ఉంది. గాడిదలకు అంతకన్నా స్పష్టమైన ఆజ్ఞ ఇంకొకటి ఉండదు. మొదటి మైలులో మామ జిల్లేడు పొదల్లో దిగాడు (దిగాడనే అంటాను). ఖాళీ బండి చప్పుడు తరుముతుంటే ముందరిది తన వీపు ఖాళీ అయిందని కూడా గమనించలేదు. రెండో మైలులో, చెరువు అలుగు దగ్గర, బండి ఇరుసు విరిగి చక్రం తన దారిన తాను పోయింది, కాడి తాళ్లు తెగాయి. ముందరిది చేల మీద పడింది. ఎనుకది మాత్రం, నేను మీద ఉన్నాను కనుక, బాధ్యతగా రోడ్డు వదలకుండా ఊరి నడివీధిలో నుంచి, చావడి ముందు నుంచి, బడి ముందు నుంచి నన్ను ఇంటికి చేర్చింది. ఊళ్లో చూడనివాళ్లు ఇద్దరు, వాళ్లు ఆ రోజు అంగడికి సరుకు కొనడానికి వేరే ఊరు పోయారు.

అవ్వ గడపలో కూర్చుని గింజలు చెరుగుతోంది. చేట చేతిలోనే ఆగిపోయింది. నన్ను చూసింది, నా కింద ఉన్నదాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. చేట పక్కన పెట్టి, "దిగు," అంది. దిగాను. వీపు ఖాళీ కాగానే ఎనుకది ఆ గుర్రం పట్టెడతో సహా వాకిట్లో పడి తృప్తిగా నాలుగుసార్లు పొర్లింది.

బాపు, మామ మధ్యాహ్నానికి కాలినడకన వచ్చారు. పటేలింటి వాళ్లు ఐరేండ్లకు ఆనవాయితీ ప్రకారం బియ్యం, చీర పంపారు, పెండ్లి బాగానే జరిగిందన్నారు. నా సంగతే బాగా లేదు. మర్నాటికే ఊళ్లో పిల్లలు "గాడిదెక్కిన పిల్ల" అని వెంటపడుతున్నారు. నేను మూల కూర్చుని ఆ కేకలకు కాదు, బాపు ఇచ్చిన మాట పోయినందుకు ఏడుస్తున్నాను. బండి నడవలేదు కదా. అప్పుడు జిల్లేడు పాలు అంటిన కళ్లు తుడుచుకుంటూ మామ లేచాడు.

"బావా, బండి నడిస్తె బడికి తోలుత అన్నవు. నడువలేదా? నడిచింది. ఆఖరుకు ఉరికింది గూడ!"

బాపు నవ్వలేదు. కానీ మాట పట్టే మనిషి కదా, ఆ మాటకు చిక్కాడు. మిగిలింది అవ్వ పూర్తి చేసింది. "ఊరు ఈ ముచ్చట మర్సిపోయేదాక పిల్ల కనబడకుంటనే మంచిది. దేవరకొండల అత్త కాడ ఉండనీ. ఉత్తగ కూసునే బదులు బడికే పోనీ."

ఫిబ్రవరి ఇరవై అయిదు, బుధవారం, బాపు నన్ను దిగబెట్టి వచ్చాడు. అదృష్టవశాత్తూ మా ఊరు ఆ ముచ్చట మరిచిపోలేదు. నా ఏడో తరగతి అయ్యేదాకా మరిచిపోలేదు, పంతులమ్మ ట్రైనింగు అయ్యేదాకా మరిచిపోలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. కూడిక తప్పితే బెత్తం తీసేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు అవ్వవే నాకు వచ్చాయి, మధ్యాహ్నాలు కూర్చుని ఆ గాడిద మీది పిల్లను చూస్తుంటాను. ఊరంతా నవ్వుతుంటే, మొహం కందిపోయి, లెక్క మాత్రం తప్పకుండా చెప్పిందే, ఆ పిల్ల మీద నాకు ఈ వయసులో నవ్వూ వస్తుంది, కొంచెం గౌరవమూ కలుగుతుంది.

ఆ రోజు పోయినవి రాసి పెట్టుకున్నాను. బండి ఇరుసు ఒకటి. చక్రం ఒకటి, తర్వాత దొరికింది కానీ పనికి రాలేదు. మామ కొరడా. మామ గడియారం అద్దం. నా గాజులు ఆరు, ఎడమ చేతివి నాలుగు, కుడి చేతివి రెండు. ఐరేండ్లు ఒక్కటీ లేదు. బాపు వెనుక గాడిదలతో అంగడికి నడిచే శనివారాలు, ఆ సంవత్సరానికి నలభై నాలుగు. ఆ తర్వాతి సంవత్సరాలవి లెక్కపెట్టలేదు.